హైటెక్ ప్లాంటెడ్ ట్యాంక్ పెట్టేముందు: ఏది కొనాలి, ఏది వద్దు, డబ్బు దేనిమీద పెట్టాలి

ప్లాంటెడ్ ట్యాంక్, అంటే నిజమైన మొక్కలు పెంచే అక్వేరియం, పెడదాం అనుకున్నవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది లైట్ గురించే. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని వాట్లు ఉండాలి, డబ్ల్యూఆర్‌జీబీ (తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన లైట్) కావాలా మామూలు ఎల్ఈడీ చాలా అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న అండీ. ముందు తేల్చుకోవాల్సింది మీ ఇంటికి వచ్చే నీళ్ళు ఎలాంటివి, మొక్కలకిచ్చే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ సిలిండర్ ఎక్కడ నింపిస్తారు, మే నెలలో ఆ గది ఎంత కాగుతుంది, ఈ మూడే. వీటికి జవాబు తెలిస్తే ట్యాంక్ సైజు, మట్టి, రాళ్ళు, మొక్కలు, చివరికి లైట్ కూడా వాటంతటవే తేలిపోతాయి. తెలియకుండా కొంటే ఎంత ఖరీదైన సామాను తెచ్చినా రెండో నెలకి అద్దం నిండా పాచే.

అసలు మీకు హైటెక్ కావాలా అన్నది ముందు చూద్దాం. బలమైన లైట్, సిలిండర్ నుంచి సీఓటూ, నీళ్ళలో క్రమం తప్పకుండా ఎరువు, ఈ మూడూ కలిస్తేనే హైటెక్ అంటాం. లైట్ ఎంత ఎక్కువైతే మొక్క అంత వేగంగా పెరగాలని చూస్తుంది, ఆ వేగానికి తగ్గ సీఓటూ, ఎరువు దొరక్కపోతే మొక్క చతికిలపడుతుంది, ఆ సందులో పాచి పట్టేస్తుంది. అందుకే గ్యాస్ లేకుండా హై లైట్ పెట్టడం అన్నిటికన్నా చెడ్డ ఆప్షన్, అంతకన్నా గ్యాసూ వద్దు పెద్ద లైటూ వద్దు అని అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, నాచు మొక్కలు పెట్టుకుని లో టెక్‌లో హాయిగా ఉండటం వెయ్యి రెట్లు మేలు. నెలలో పది రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం అయితే, వారానికోసారి నీళ్ళు మార్చడానికి, రెండు వారాలకోసారి కత్తెర పట్టుకోడానికి టైమ్ ఉండదనుకుంటే, నా సలహా లో టెక్కే. నేలంతా పరుచుకునే మొక్కల చిక్కటి పచ్చటి కార్పెట్, ఎర్రటి రొటాలా మొక్కలు, మధ్యాహ్నానికి ఆకుల అంచుల మీద ముత్యాల్లా నిలబడే ఆక్సిజన్ బుడగలు, అవి కావాలంటే మాత్రం హైటెక్ తప్పదు.

నీళ్ళని బట్టి ట్యాంక్ సైజు

హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు నల్లాలో వస్తుంటే మీ పని సగం అయిపోయినట్టే. అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలో, హైపో (సోడియం థయోసల్ఫేట్) గింజల ద్రావణమో వేసి వాడుకోవచ్చు. చిక్కంతా బోరు నీళ్ళతోనే. బోరు నీళ్ళంటే చాలామంది టీడీఎస్ మీటర్ ముంచి నంబర్ చెప్తారు గానీ టీడీఎస్ ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు, అది మొత్తం కరిగిన లవణాల లెక్క అంతే. మనకి కావాల్సింది కేహెచ్, అంటే నీళ్ళలో ఉన్న కార్బొనేట్ హార్డ్‌నెస్, దానికి చుక్కల టెస్ట్ కిట్ వేరే దొరుకుతుంది, అన్నిటికన్నా ముందు కొనాల్సింది అదే. కేహెచ్ 3 నుంచి 6 డిగ్రీల్లో ఉంటే దాదాపు ఏ మొక్కైనా వస్తుంది. 8 దాకా కూడా సర్దుకోవచ్చు. 12, 15 దాటితే రొటాలా మాక్రాండ్రా లాంటి సుకుమారమైన మొక్కల మీద ఆశ వదులుకోవాలి, లేదా ఆర్ఓ నీళ్ళు కలపాలి.

ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు ఒకటి గమనించాలి. కింద పెద్ద సాఫ్ట్‌నర్ పెట్టి ఉంటుంది కదా, ఉప్పు మూటలు పోసేది, ఆ నీళ్ళకి సబ్బు నురగ బాగా వస్తుంది కాబట్టి సాఫ్ట్ వాటరే అనుకుంటారు. అది చేసేది కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెట్టడం. కేహెచ్ తగ్గదు, టీడీఎస్ తగ్గదు, పైగా మొక్కకి కావాల్సిన కాల్షియం పోయి అక్కర్లేని సోడియం వస్తుంది. వీలైతే సాఫ్ట్‌నర్‌కి ముందు లైన్ నుంచి పచ్చి బోరు నీళ్ళు పట్టుకుని ఆర్ఓతో కలుపుకోండి, అది చాలా నయం.

కలపడం లెక్క సింపులే. బోరు కేహెచ్ 20 ఉంటే ఒక వంతు బోరు, మూడు వంతులు ఆర్ఓ కలిపితే 5 వస్తుంది. ఇప్పుడు ఈ లెక్కని ట్యాంక్ సైజుతో కలిపి చూడండి. జపాన్ అమానో కంపెనీ (ఏడీఏ) వల్ల పాపులర్ అయిన 60×30×36 సెంటీమీటర్ల ట్యాంక్‌లో నిండా పోస్తే దాదాపు 65 లీటర్లు, మట్టి రాళ్ళు పోగా 50 మిగులుతాయి. హైటెక్‌లో వారానికి సగం నీళ్ళు మార్చాలి అంటే పాతిక లీటర్లు, అందులో ఆర్ఓ పంతొమ్మిది, వంటింట్లో ఉన్న ఫిల్టర్ నుంచే రెండు క్యాన్లు పట్టుకోవచ్చు. అదే 90×45×45 అయితే 182 లీటర్లు, వారానికి ఎనభై తొంభై మార్చాలి. 120×50×50 అయితే 300 లీటర్లు, వారానికి నూటయాభై, బోరు ఇల్లయితే ఆర్ఓ కోసమే వేరే యూనిట్, డ్రమ్ము, పంపు పెట్టుకోవాలి, ఆర్ఓ పారబోసే నీళ్ళు ఎలాగూ ఉండనే ఉంటాయి.

అందుకని నా లెక్క ఇది: నల్లా నీళ్ళు మంచివైతే మూడడుగుల ట్యాంక్‌కి వెళ్ళండి, నీళ్ళు ఎక్కువ ఉంటే వేడి, గ్యాస్, అమోనియా ఏదైనా నెమ్మదిగా మారుతుంది, చేపలకి అది శ్రీరామరక్ష. బోరు నీళ్ళైతే రెండడుగులతో ఆగండి. అడుగు, అడుగున్నర నానో ట్యాంకులు చూడ్డానికి చవగ్గా కనిపిస్తాయి గానీ హైటెక్‌కి కొత్తవాళ్ళకి నేను అస్సలు చెప్పను, గ్యాస్ నాబ్ వెంట్రుకవాసి ఎక్కువ తిరిగినా చేపలు పోతాయి. ఎత్తు మాత్రం ఏ సైజులోనైనా 45 దాటొద్దు, లైట్ అడుక్కి చేరదు, ట్రిమ్ చేసేటప్పుడు చంక దాకా నీళ్ళలో పెట్టాల్సి వస్తుంది. మూడడుగుల ట్యాంక్ నీళ్ళు రాళ్ళు స్టాండ్ కలిపి పావు టన్నుకి పైనే తూగుతుంది, గది మధ్యలో కాకుండా గోడ వారగా, బీమ్ ఉన్న వైపు పెట్టండి.

గ్యాస్: ఇక్కడ పిసినారితనం పనికిరాదు

సీఓటూ ఇవ్వడానికి మన దగ్గర మూడు దారులు. పంచదార, ఈస్ట్ బాటిల్ ఒకటి, దాన్ని పక్కన పెట్టేద్దాం, మొదటి రెండు రోజులు పొంగిపోయి తర్వాత తగ్గిపోతుంది, రాత్రి ఆపడానికి వీలుండదు, ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయ్యే గ్యాస్ నల్లటి కుచ్చు పాచికి ఆహ్వానమే. రెండోది నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వంట సోడా కిట్. మూడోది సిలిండర్. షాపుల్లో లిక్విడ్ కార్బన్ అని బాటిల్ అమ్ముతారు, అది ఈ లిస్టులో లేదు, అందులో సాధారణంగా ఉండేది గ్లూటరాల్డిహైడ్, పాచిని చంపడానికి పనికొస్తుంది గానీ సీఓటూకి బదులు కాదు.

నిమ్మ ఉప్పు కిట్‌ల్లో స్టీల్ బాడీ, సేఫ్టీ వాల్వ్, సోలనాయిడ్ (కరెంట్ ఉంటేనే తెరుచుకునే వాల్వ్) ఉన్నవి బానే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బాటిల్‌వి మాత్రం వద్దు. ఒకసారి నింపే 200 గ్రాముల వంట సోడా నుంచి బయటికొచ్చే గ్యాస్ పూర్తిగా వచ్చినా 105 గ్రాములే. అంటే ఒక 2 కేజీల సిలిండర్‌లో ఉండే గ్యాస్‌కి ఈ కిట్‌ని పంతొమ్మిది సార్లు కడిగి నింపాలి. గ్యాస్ నింపే చోటు దరిదాపుల్లో లేని చిన్న ఊళ్ళో ఉండి రెండడుగుల ట్యాంక్ నడపాలంటే ఇది న్యాయమైన ఆప్షనే, కిరాణా కొట్లో సరుకు దొరుకుతుంది. మిగతా అందరికీ సిలిండరే.

సిలిండర్ కొనేముందు నింపే చోటు వెతకండి, ఇది తలకిందులుగా చేసేవాళ్ళే ఎక్కువ. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నింపే డీలర్లు, వెల్డింగ్ గ్యాస్ ఏజెన్సీలు, సోడా మెషీన్లకి గ్యాస్ ఇచ్చేవాళ్ళు, వీళ్ళలో ఎవరు చిన్న సిలిండర్ నింపుతారో ఫోన్ చేసి కనుక్కోండి, ఎలాంటి వాల్వ్ ఉంటే నింపుతారో కూడా అడగండి. ఎందుకంటే బయట దేశాల నుంచి వచ్చే అక్వేరియం రెగ్యులేటర్ల మర ఒకటి, మన ఫైర్ సిలిండర్ వాల్వ్ మర ఇంకొకటి ఉండొచ్చు, రెండూ బిగుసుకోకపోతే అడాప్టర్ కోసం తిరగాలి. రెండూ ఒకే చోట, బిగించి చూపించమని అడిగి కొనడం మంచిది.

రెగ్యులేటర్‌లో సింగిల్ స్టేజా (ప్రెషర్‌ని ఒకే అంచెలో తగ్గించేది) డ్యూయల్ స్టేజా (రెండంచెల్లో తగ్గించేది) అంటే, డబ్బుంటే డ్యూయల్. సింగిల్ స్టేజ్‌లో సిలిండర్ అయిపోయే చివరి రోజుల్లో లోపలి ప్రెషర్ పడిపోతుంటే బయటికొచ్చే ప్రెషర్ పెరిగే అవకాశం ఉంది, అప్పుడు మిగిలిన గ్యాస్ అంతా ఒక్కసారి ట్యాంక్‌లోకి వచ్చి చేపలు పోయే ప్రమాదం. సింగిల్ స్టేజ్ కొన్నా పర్లేదు, మంచి నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నగా సర్దే నాబ్) ఉన్నది తీసుకుని సిలిండర్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా మార్చండి. ఎప్పుడు మార్చాలో మీటర్ ముల్లు చెప్పదు, ఇది చాలామందికి తెలీదు. లోపల ఉన్నది ద్రవం కాబట్టి చుక్క ద్రవం మిగిలున్నంత వరకు ముల్లు ఒకే చోట ఉంటుంది, గది వేడెక్కితే పైకి చల్లబడితే కిందకి అంతే కదులుతుంది, ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది. అందుకే తూకమే నమ్మకం, ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద గుద్ది ఉంటుంది, నెలకోసారి కాటా మీద పెట్టి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. 2 కేజీల సిలిండర్ రెండడుగుల ట్యాంక్‌కి సెకనుకి రెండు బబుల్స్, రోజుకి ఎనిమిది గంటల లెక్కన లీకుల్లేకపోతే నాలుగైదు నెలలు వస్తుంది.

సోలనాయిడ్ లేని రెగ్యులేటర్ ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. కరెంట్ పోతే సోలనాయిడ్ మూసుకుపోతుంది, ఫిల్టర్ ఆగిన ట్యాంక్‌లోకి గ్యాస్ వెళ్ళదు. అది లేకపోతే రాత్రంతా కరెంట్ లేని రోజున కూడా గ్యాస్ వెళ్తూనే ఉంటుంది, మొక్కలు చీకట్లో దాన్ని తీసుకోవు, తెల్లారేసరికి చేపలన్నీ పైన తేలతాయి. ఇంకో జాగ్రత్త, సీఓటూ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు, ప్రెషర్ బాగా పెరుగుతుంది, మన ఎండాకాలంలో బాల్కనీలో, కిటికీ పక్కన ఎండ పడే చోట సిలిండర్ ఉంచొద్దు. నిలబెట్టి, స్టాండ్‌కి గొలుసో బెల్టో కట్టి ఉంచండి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వెళ్ళి పాడవుతుంది.

గ్యాస్‌ని నీళ్ళలో కలపడానికి రెండడుగుల ట్యాంక్‌కి మామూలు సిరామిక్ డిఫ్యూజర్ సరిపోతుంది, అప్పుడప్పుడు బ్లీచ్‌లో నానబెట్టి, బాగా కడిగి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళలో ఉంచి తిరిగి పెట్టాలి. మూడడుగులకి కానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) పైపుకి తగిలించే ఇన్‌లైన్ డిఫ్యూజర్ మేలు, ట్యాంక్ లోపల సామాను కనపడదు, గ్యాస్ అంతటా వెళ్తుంది, కాకపోతే సన్నటి పొగమంచులా బుడగలు నీళ్ళంతా తిరుగుతాయి. అది నచ్చనివాళ్ళు గ్యాస్‌ని బయటే నీళ్ళలో కరిగించే రియాక్టర్ పెట్టుకోవచ్చు, నీళ్ళు అద్దంలా ఉంటాయి గానీ ఫిల్టర్ ఫ్లో కొంచెం తగ్గుతుంది.

ఎంత గ్యాస్ అన్నదానికి బబుల్ లెక్క నమ్మకండి, ఒకరి ట్యాంక్‌లో రెండు ఇంకొకరి ట్యాంక్‌లో రెండు ఒకటి కాదు. డ్రాప్ చెకర్ అనే చిన్న బుడ్డిని ట్యాంక్ లోపల తగిలించి, అందులో 4 డిగ్రీల కేహెచ్ ద్రావణం, రంగు చుక్కలు వేసి పెడితే నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే దాదాపు 30 పీపీఎం, పసుపు అంటే ఎక్కువ. అది గంట రెండు గంటలు ఆలస్యంగా రంగు మారుతుంది, అది గుర్తుపెట్టుకుని నాబ్ మెల్లగా తిప్పాలి. పీహెచ్ మీటర్ ఉంటే ఇంకా తేలిక, గ్యాస్ లేని నీళ్ళ పీహెచ్ కంటే గ్యాస్ ఉన్నప్పుడు దాదాపు 1 తగ్గితే సరిపోయినట్టు. లైట్ వెలిగే రెండు గంటల ముందు గ్యాస్ మొదలై, లైట్ ఆరే గంట ముందు ఆగేలా టైమర్ పెట్టండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఏ రంగూ చూడకుండా గ్యాస్ ఆపి, ఎయిర్ స్టోన్ వేసి, కొంత నీళ్ళు మార్చండి.

మట్టి, రాళ్ళు

ఆక్వా సాయిలా, ఇసుకా, తోట మట్టి మీద ఇసుకా అన్నది మళ్ళీ నీళ్ళ దగ్గరికే వస్తుంది. ఆక్వా సాయిల్ అంటే కాల్చిన మట్టి గుళికలు, పోషకాలు ఉంటాయి, కేహెచ్‌ని లాగేసుకుని నీళ్ళని మెత్తబరుస్తుంది. నల్లా నీళ్ళు లేదా ఆర్ఓ మిక్స్ వాడేవాళ్ళకి దీనికి మించింది లేదు, కార్పెట్ మొక్కలు ఇందులో పాకినంత వేగంగా ఇంకెందులోనూ పాకవు. అదే కేహెచ్ 15 ఉన్న బోరు నీళ్ళు నేరుగా పోస్తే ఆ లాగేసుకునే శక్తి కొన్ని వారాల్లోనే అయిపోతుంది, మీరు పెట్టిన డబ్బులో సగం నీళ్ళపాలు. వాళ్ళకి కడిగిన నది ఇసుకో, సన్న గ్రావెలో వేసి వేర్ల దగ్గర రూట్ ట్యాబ్‌లు (ఎరువు బిళ్ళలు) గుచ్చడం తెలివైన పని. తోట మట్టి మీద ఇసుక కప్పే పద్ధతి లో టెక్‌లో బాగుంటుంది, హైటెక్‌లో మాటిమాటికీ మొక్కలు పీకి నాటుతాం కాబట్టి మట్టి పైకి లేచి నీళ్ళు బురద అవుతాయి, నేనైతే వద్దనే అంటాను.

రెండడుగుల ట్యాంక్‌కి ముందు 3, వెనక 8 సెంటీమీటర్ల వాలుతో వేస్తే పది లీటర్ల సాయిల్ పడుతుంది. వెనక ఎత్తు ఇంకా కావాలంటే అడుగున లావా రాయి ముక్కలు నింపండి, ఖరీదైన సాయిల్ అక్కడ వృథా. కొత్త ఆక్వా సాయిల్‌లో చాలావరకు మొదటి వారాల్లో అమోనియా వదులుతాయి, అప్పుడు చేపలు వెయ్యకూడదు.

రాళ్ళకి మాత్రం మన ప్రాంతం వాళ్ళు డబ్బు పెట్టక్కర్లేదు. మన దగ్గర చాలాచోట్ల గ్రానైటే, రోడ్లు వేసే చోట పగలగొట్టిన ముక్కలు దొరుకుతాయి, గ్రానైట్ నీళ్ళలో ఏమీ కలపదు. కొనే వాటిలో డ్రాగన్ స్టోన్, లావా రాక్ కూడా అంతే. సెయిర్యూ రాయి చాలా అందంగా ఉంటుంది గానీ నీళ్ళ హార్డ్‌నెస్ పెంచుతుంది, బోరు నీళ్ళ ఇంట్లో అస్సలు వద్దు. ఇంటి ముందు మిగిలిన తాండూరు బండ ముక్కలు, కడప బండ ముక్కలు పెడదామని చాలామందికి అనిపిస్తుంది, రెండూ సున్నపురాయే, కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. అనుమానం ఉన్న రాయిని బయట గాలిలో పెట్టి, గ్లవ్స్ వేసుకుని, మ్యురియాటిక్ యాసిడ్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) రెండు చుక్కలు వెయ్యండి. సున్నపురాయైతే చుక్క పడిన చోట సుర్రుమని తెల్లటి నురగ లేస్తుంది, గ్రానైట్ మీద చుక్క అలాగే తడిగా కూర్చుంటుంది. తర్వాత బోలెడు నీళ్ళతో కడిగేయాలి. వెనిగర్‌తో కూడా చేస్తారు గానీ అది బలహీనం, నెమ్మదిగా కరిగే రాళ్ళని పట్టుకోదు.

చెక్క అయితే ఎండి గట్టిపడిన డ్రిఫ్ట్‌వుడ్ మాత్రమే, పచ్చి కొమ్మలు కుళ్ళిపోతాయి. కొన్నాళ్ళు నానబెట్టి వాడండి, టీ రంగు దిగుతుంది, అది నీళ్ళు మార్చేకొద్దీ తగ్గిపోతుంది, మొదటి వారాల్లో చెక్క మీద తెల్లటి జిగురు పొర వచ్చినా భయపడక్కర్లేదు.

లైట్, ఫిల్టర్, కరెంట్

లైట్‌లో వాట్లకన్నా పార్ ముఖ్యం, అంటే మొక్క వాడుకోగల కాంతి మట్టి దగ్గరికి ఎంత చేరుతోంది అన్నది. కార్పెట్ మొక్కలకి అడుగున 50 నుంచి 100 మధ్య ఉంటే చాలు. చైనా చిహిరోస్, కొరియా ట్విన్‌స్టార్ లాంటి ఆర్‌జీబీ లైట్లు ఎరుపు, ఆకుపచ్చ రంగులని కళ్ళకి బాగా చూపిస్తాయి, మొక్క పెరగడానికి మాత్రం మామూలు 6500 కెల్విన్ ఎల్ఈడీ ఫ్లడ్ లైట్ కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది. డబ్బు తక్కువైతే ఫ్లడ్ లైట్ పెట్టి మిగిలింది రెగ్యులేటర్‌కి పెట్టండి, లైట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కొనేది ఏదైనా డిమ్మర్ ఉంటే మంచిది, లేకపోతే ఎత్తు మార్చేలా వేలాడదీయండి. మొదటి నెల రోజుకి ఆరు గంటలు మించొద్దు, తర్వాత ఎనిమిదికి వెళ్ళొచ్చు.

ఫిల్టర్‌లో హ్యాంగ్ ఆన్ బ్యాక్ (ట్యాంక్ అంచుకి తగిలించేది) చవక, శుభ్రం చేయడం తేలిక, కానీ నీళ్ళు పైనుంచి పడి మీరు కొన్న గ్యాస్‌ని గాల్లో కలిపేస్తుంది. సంప్ (కింద పెట్టే రెండో ట్యాంక్) కూడా అంతే, బాగా మూత పెడితే తప్ప. హైటెక్‌కి కానిస్టరే సరైనది, బాక్స్ మీద రాసిన ఫ్లో మీ ట్యాంక్ లీటర్లకి గంటకి పదింతలు దగ్గర్లో ఉండేది చూసుకోండి, మీడియా (లోపల వేసే స్పాంజి, సిరామిక్ ముక్కలు) నింపాక నిజంగా వచ్చేది అందులో సగమో కొంచెం ఎక్కువో. కరెంట్ కోతలున్న ఊళ్ళో కానిస్టర్‌కి ఒక ఇబ్బంది ఉంది, గంటల తరబడి ఆగితే మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి నీళ్ళు శుభ్రం చేసే మేలు బాక్టీరియా చస్తుంది, మళ్ళీ కరెంట్ రాగానే ఆ మురికి నీళ్ళు ట్యాంక్‌లోకి వస్తాయి. ఫిల్టర్ తినేది చాలా తక్కువ కరెంట్, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్‌లో ఫిల్టర్ ఒక్కటీ కలపండి, లైటూ గ్యాసూ బయటే ఉండనివ్వండి.

ఎండాకాలం ఇంకో సమస్య. నీళ్ళు 30 దాటితే ఆక్సిజన్, సీఓటూ రెండూ తక్కువ కరుగుతాయి, సుకుమారమైన మొక్కలు కరిగిపోతాయి, చేపలకి ఊపిరాడదు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండ ఊళ్ళో నీళ్ళ పైన చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, ఆవిరై పోయిన నీళ్ళకి బదులు ఆర్ఓ నీళ్ళు పోస్తుండాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట గాలిలోనే తేమ ఎక్కువ, ఫ్యాన్ అంత పనిచెయ్యదు, ఏసీ గదిలో పెట్టడమో చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషీన్) కొనడమో చెయ్యాలి. చిల్లర్ కొనే స్థోమత లేకపోతే మార్చి నుంచి జూన్ దాకా లైట్ తగ్గించి నడపండి, మొక్క ఎంపిక కూడా అందుకు తగ్గట్టు చేసుకోండి. మేలో మిద్దె మీద ట్యాంక్ నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళు సలసల కాగుతుంటాయి, నీళ్ళు మార్చడం పొద్దున్నే కానివ్వండి.

ఎరువు: బాటిలా, పొడా

షాపుల్లో దొరికే ఆల్ ఇన్ వన్ బాటిళ్ళు మంచివే, చిన్న ట్యాంక్‌కి సౌకర్యం, కానీ అందులో ఎక్కువ భాగం నీళ్ళకే డబ్బు కడుతున్నాం. మూడడుగుల ట్యాంక్ నడిపేవాళ్ళు పొడులకి మారితే ఖర్చు నామమాత్రం, పైగా ఈ విషయంలో మన తెలుగు రాష్ట్రాల వాళ్ళకి ఉన్న సౌకర్యం పెద్దది. మిర్చికి, దానిమ్మకి డ్రిప్‌లో వదలడానికి రైతులు వాడే 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్, 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 0-0-50 అంటే పొటాషియం సల్ఫేట్, అవే మనకి కావాల్సినవి, ఏ ఎరువుల కొట్లో అడిగినా ఇస్తారు. మెగ్నీషియం సల్ఫేట్, చీలేటెడ్ మైక్రో న్యూట్రియంట్ మిక్స్ కూడా అక్కడే దొరుకుతాయి. 100 లీటర్లకి ఒక గ్రాము 13-0-45 వేస్తే నైట్రేట్ 6 పీపీఎం పెరుగుతుంది, పదో వంతు గ్రాము 0-52-34 వేస్తే ఫాస్ఫేట్ 0.7 పీపీఎం. వారానికి మూడు రోజులు ఇవి, మధ్య రోజుల్లో మైక్రో, వారాంతంలో సగం నీళ్ళు మార్పు, టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతి ఇదే. చిన్న కాటా ఒకటి కొనుక్కోండి, చెంచా లెక్కలు వద్దు. రంగులు, టానిక్కులు కలిపినవి కాకుండా ఉత్త పొడి తీసుకోండి. 19-19-19 మాత్రం పొరపాటున కూడా వెయ్యొద్దు, అందులో యూరియా, అమోనియం రూపంలో నత్రజని ఉంటుంది, చేపలకి విషం, పాచికి పండగ.

లేఅవుట్, మొక్కలు

1982లో జపాన్ నీగాటాలో ఏడీఏ మొదలుపెట్టిన తకాషి అమానో వల్ల నేచర్ అక్వేరియం స్టైల్ ప్రపంచమంతా పాకింది. అందులోనే ఇవాగుమి అంటే రాళ్ళు, ఒకటి రెండు రకాల కార్పెట్ అంతే. ఫొటోల్లో అన్నిటికన్నా సింపుల్‌గా కనిపించేది నిజానికి కొత్తవాళ్ళకి కష్టమైంది, ఎందుకంటే మొక్కల మొత్తం తక్కువ, మొదటి రెండు నెలలు నీళ్ళలో ఉన్న పోషకాలని తినేవాళ్ళు లేక పాచి ముందుకొస్తుంది. డచ్ స్టైల్‌లో రాళ్ళుండవు, వరసలు వరసలుగా రంగురంగుల మొక్కలు, బాగుంటుంది గానీ కత్తెర పని వారం వారం ఉంటుంది. మొదటి హైటెక్ ట్యాంక్‌కి నేను చెప్పేది చెక్క, రెండు మూడు రాళ్ళు, వెనకంతా వేగంగా పెరిగే కాండం మొక్కలు. మొదటి రోజే మట్టి కనపడనంత ఒత్తుగా నాటండి, అక్కడ మొక్కల మీద పెట్టిన ప్రతి రూపాయి తర్వాత పాచి మందుల మీద మిగులుతుంది.

రొటాలా రోటండిఫోలియా, పోగోస్టెమాన్ ఎరెక్టస్, హైగ్రోఫిలా, లిమ్నోఫిలా, ఇవన్నీ వేగంగా వచ్చేవే, మొదటి రెండూ మన దేశపు మొక్కలే. కార్పెట్‌కి క్యూబా అనే మొక్క అందమైనదే కానీ వేడి అంటే పడదు, గ్యాస్ కాస్త తగ్గినా లేచిపోతుంది, మన వేసవికి మోంటే కార్లో చాలా మేలు. చెక్క మీద బుసెఫలాండ్రా, అనూబియాస్ కట్టుకోండి, పైన మొక్కల నీడ పడే చోట, లేకపోతే నెమ్మదిగా పెరిగే ఆకుల మీద పాచి పడుతుంది. కుండీ మొక్కలా టిష్యూ కల్చర్ కప్పులా (ల్యాబ్‌లో కప్పులో పెంచినవి) అంటే కార్పెట్‌కి టిష్యూ కల్చర్, నత్తలు రావు, పురుగుమందు భయం ఉండదు, ఒక్క కప్పుని ఇరవై ముప్పై పిలకలు చెయ్యొచ్చు. కాండం మొక్కలు మాత్రం ఎవరైనా ట్రిమ్ చేసి ఇచ్చే నీళ్ళలో పెరిగిన కొమ్మలు దొరికితే అవే తీసుకోండి, గాల్లో పెరిగిన కుండీ మొక్క నీళ్ళకి అలవాటు పడేలోపు పాత ఆకులన్నీ రాల్చేస్తుంది.

చేపలకి తొందరపడొద్దు. మొదటి వారం రెండు మూడు సార్లు సగం నీళ్ళు మార్చుతూ, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే, అది సాధారణంగా నాలుగు వారాలు పైన, ముందు అమానో రొయ్యలు, ఓటోలు (పాచి తినే చిన్న చేపలు), ఆ తర్వాత గుంపు చేపలు. మొదట్లో వచ్చే గోధుమ రంగు పొర డయాటమ్స్, ఓటోలు దాన్ని శుభ్రంగా తినేస్తాయి. కార్డినల్ టెట్రాలు అందరూ వేస్తారు, చెన్నై కొళత్తూరు నుంచి వచ్చే లోడ్‌లో దొరుకుతాయి, హార్లెక్విన్ రాస్బోరాలు కూడా బావుంటాయి.

పది రూపాయల్లో ఏది ఎంత

గాజు, స్టాండ్ వదిలేసి మిగతా బడ్జెట్ పది రూపాయలనుకుంటే నేను సిలిండర్, రెగ్యులేటర్, డిఫ్యూజర్‌కి మూడున్నర, ఫిల్టర్‌కి రెండు, మొక్కలకి రెండు, మట్టికి ఒకటిన్నర, లైట్‌కి ఒకటి పెడతాను. చాలామంది లైట్‌కి నాలుగు పెట్టి గ్యాస్‌కి ఒకటి మిగుల్చుకుంటారు, అక్కడే తేడా కొడుతుంది. ఎక్స్‌ట్రా క్లియర్ గాజు కావాలా అంటే రెండడుగుల దాకా ధర తేడా పెద్దగా ఉండదు, తీసుకోండి. పెద్ద ట్యాంక్‌కైతే ముందు అద్దం ఒక్కటి ఎక్స్‌ట్రా క్లియర్ వేయించుకుని మిగతావి మామూలు గాజు పెట్టించుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో గాజు ట్యాంక్ తీసుకోవచ్చు, కాకపోతే రెండ్రోజులు నిండా నీళ్ళు పోసి మూలలు పొడిగా ఉన్నాయో చూశాకే డబ్బివ్వండి. కానిస్టర్ కూడా పర్లేదు, ఓ రింగ్ (మూతకి ఉండే రబ్బరు రింగు) కొత్తది వేయించండి, దొరకని మోడల్ అయితే వదిలేయండి. రెగ్యులేటర్‌ని సిలిండర్‌కి బిగించి ప్రతి జాయింట్ మీద సబ్బు నురగ రాసి బుడగ లేస్తోందా చూడాలి. సిలిండర్ అయితే మెడ మీద గుద్దిన హైడ్రో టెస్ట్ (ప్రెషర్ తట్టుకుంటుందా అని చేసే పరీక్ష) తేదీ వెతకండి, ఐదేళ్ళు దాటి ఉంటే టెస్ట్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, తేదీ అసలే కనపడకపోయినా, గ్రైండర్‌తో గీకి రంగు వేసినట్టున్నా ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.